ఎర్ర దీపం కింద రెండు దారాలు

చాలా ఏళ్లుగా ఒక మనిషిని మోస్తున్నాను. చచ్చిపోయిన మనిషికి బరువుండదని అనుకునేవాణ్ని. ఉంటుంది. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా ఆ మాట పెదవి దాటలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా ముఖం చూడరు. అంతే. నాలో మంచితనమేదో పొంగిందనుకోకండి.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ని. మొదట ఊడ్చే పనికి చేరాను. ఎక్స్‌రే తీసే అతను దుబాయి పోయాడు. పక్కనుండి చూసి నేర్చుకున్నవాణ్ని కాబట్టి నన్నే నిలబెట్టారు. చదువొచ్చా అని డాక్టర్ అడిగితే ఏడో తరగతి అన్నాను. అబద్ధం. నాకప్పుడు అ ఆ లు కూడా రావు. ఎవరైనా చీటీ చదవమంటే కళ్లద్దాలు ఇంట్లో మరిచానని తప్పించుకునేవాణ్ని.

ఏ ఫిల్ము ఎవరిదో తెలియడానికి మిగతావాళ్లు దాని మీద అచ్చుపడేలా సీసపు అంకెలు పెడతారు. నేను దారాలు కట్టాను. అప్పట్లో ఫిల్మును చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద విప్పి, ఇనుప చట్రానికి బిగించి, మందు నీళ్లలో కడగాలి. ఒక చట్రానికి తెల్ల దారం, ఇంకోదానికి నల్ల దారం. ముందొచ్చినవారికి తెలుపు, తర్వాతివారికి నలుపు. కడిగి బయటికి తెచ్చి ఇది ఫలానావారిదని చెబితే, చీటీలు రాసే అమ్మాయి పేరు అంటించేది. ఎన్నడూ తప్పు పోలేదు. లోలోపల గర్వపడేవాణ్ని కూడా.

ఆ చలికాలం పొద్దున నల్ల దారం మందు నీళ్లకు నాని తెగిపోయింది. ఇంకో నల్ల దారం వెతకడానికి బద్ధకించాను. నా ముంజేతికి కట్టుకున్న ఎర్ర దారంలో ఒక ముక్క తెంపి కట్టాను.

ముందు వచ్చినవాడు రాజేశం. మరమగ్గాల మీద పనిచేసే మనిషి. బక్క పలచన. రెండు దగ్గుల మధ్య ఒక నవ్వు నవ్వించేవాడు. మెడలో కొండగట్టు అంజన్న బిళ్ళ. లోహం ఉంటే ఫిల్ము మీద పడుతుంది, తీయించాల్సింది నేనే. ఎంత చెప్పినా తీయలేదు. భుజం మీదికి జరుపుకొమ్మని ఊరుకున్నాను. ఆయన తర్వాత హుజూరాబాద్ వైపు నుంచి ఒక పెద్ద రైతు. ఆయన మెడలో ఏమీ లేదు.

చీకటి గదిలోకి పోయి, తలుపు మూసి, చట్రాలు చేతిలోకి తీసుకున్నాను.

రెండు దారాలూ తెల్లగా ఉన్నాయి.

నిలబడిపోయాను. ఎర్ర దీపం కింద ఎరుపు తెలుపైపోతుందని నాకు తెలియదు. బతుకంతా ఆ గదిలోనే గడిపి తెలియదు. దారం ఎవరో మార్చారా అనుకున్నాను, నా కళ్లు పోయాయా అనుకున్నాను. ఫిల్ములు ఇంకా విప్పలేదు, వెలుగు తగిలినా పాడుకావు. తలుపు తీసి, చట్రాలు వెలుగులో ఒక్కసారి చూసుకుంటే చాలు. అప్పుడే బయట నుంచి డాక్టర్ ఇంకెంతసేపని కేకేశాడు. తలుపు తీస్తే ఏమైందని అడుగుతారు, అడిగితే దారాల సంగతి చెప్పాలి, దారాల సంగతి చెబితే అక్షరాలు రాని సంగతి బయటపడుతుంది, అది బయటపడితే మళ్లీ చీపురు చేతికొస్తుంది. ఇదంతా ఒక్క ఊపిరిలో తోచింది. రాజేశం ఫిల్ముకని అందాజుగా ఒక చట్రం అందుకున్నాను.

అందాజు! మనిషి ప్రాణం మీద ఎవరైనా అందాజు వేస్తారా? నేను వేశాను.

డాక్టర్ రాజేశాన్ని ముందు పిలిచాడు. ఊపిరితిత్తులు బాగున్నాయి, నీరసమే, బలానికి గోలీలు రాస్తానని పంపించాడు. తర్వాత రైతు. ఆ తడి ఫిల్మును వెలుగు పెట్టె మీద పట్టుకున్నది నేనే. ఊపిరితిత్తి పైభాగాన మచ్చ. దానికి పైన, భుజం దగ్గర, రావి ఆకు ఆకారంలో చిన్న బిళ్ళ.

అంజన్న బిళ్ళ.

ఫిల్ము నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి. డాక్టర్ మచ్చనే చూశాడు. బిళ్ళ కనబడినా గుండీ అనుకున్నాడేమో. టీబీ అన్నాడు. ఆర్నెల్లు మందులన్నాడు. రైతు ముఖం పాలిపోయింది. నా ముఖం ఎవరూ చూడలేదు.

బయటికి పరుగెత్తాను. చెప్పాలనే పరుగెత్తాను, అది మాత్రం నిజం. రాజేశం నల్లా దగ్గర నీళ్లు తాగుతున్నాడు.

"ఏం లేదన్నరే అన్నా! అంజన్న కాపాడిండు. గా బిళ్ళ తియ్యుమంటివి సూడు, తీసుంటే ఏమైతుండెనో!"

"రాజేశం..."

"గట్ల బీరిపోయి సూస్తున్నవేందే? నీకేమన్న రోగమున్నదా? నువ్వు గూడ ఓ ఫోటో దిగు. జర నవ్వకు, ఫోటోల పండ్లు పడ్తయ్!"

పక్కనున్నవాళ్లు నవ్వారు. మాట నా నాలుక మీదే ఉంది.

"మంచిగైంది. పైలంగ పో," అన్నాను.

పోయాడు.

ఎందుకన్నానా మాట? ఉద్యోగం కోసమా? సిగ్గుతోనా? రేపు చెబుదామనుకున్నానా? రేపు వచ్చింది, ఎల్లుండి కూడా వచ్చింది. ఆయన ఊరు ఏదో నాకు తెలుసు, బస్సు ఏదో తెలుసు.

ఎండాకాలం పోతుండగా రైతు మామిడిపండ్ల గంపతో వచ్చాడు. రోగాన్ని ముందే పట్టుకున్నారు, మీ వల్లే బతికానని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. లేని రోగం తగ్గింది. నా చేతిలో ఒక పండు పెట్టాడు. తిన్నాను. ఇది కూడా రాయాలి. తియ్యగా ఉంది.

వానాకాలంలో రాజేశాన్ని ఆయన భార్య పట్టుకొచ్చింది. నిలబడలేకపోతే ఆమె నడుము పట్టుకుని నిలబెట్టింది, నేను ఎక్స్‌రే తీశాను. బిళ్ళ తీయమనలేదు. ఆయనా నవ్వించలేదు. మందులు మొదలుపెట్టారు గానీ ఆయన దసరా చూడలేదు.

ఆ తర్వాత వయోజన బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ వయసులో ఎంత పట్టుదలని అందరూ మెచ్చుకున్నారు. పట్టుదల కాదు. భయం.

ఆ రోజే చెబితే రాజేశం బతికేవాడా? ఎంతోమంది డాక్టర్ల దగ్గర పనిచేశాను, ఎవరినీ అడగలేదు. అవునంటారేమోనని. ఆయన భార్య ఉంది. ముందు ఆమెకు చెప్పాలి. చెప్పలేదు, మీకు చెప్పాను. ఇది చెప్పినట్టవుతుందో లేదో నాకు తెలియదు. మీరు నన్ను ఏమీ అనకండి, ఓదార్చకండి. ఇంతసేపు రాశాక ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది, అది నాకు చాలు.

ఆనాడు తీయని ఆ చీకటి గది తలుపు ఇప్పుడు తీశాను. వెలుగులో దారం ఎర్రగానే ఉంది.