అవ్వ తలరంగు, అమ్మోరి అంబలి

అప్పటికి మా అవ్వ సావీకి అరవై దాటింది. మా ఊరు ఫీనిక్స్‌లో ఆమె పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలో మాత్రం ఆమెకు యాభై దాటిందని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. అదంతా జుట్టు మహిమ. నెలనెలా నల్లపొడి నీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో తలంతా పులుముకునేది. నేను నవ్వితే బ్రష్ ఎత్తేది.

"హాంబా, పో అవతలికి, కోతిమొగమా! నీ చదువు చూసి నేను నవ్వినానా?"

ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, ఏమంటాను? బయటికి పరిగెత్తేవాణ్ణి.

తెల్లవాళ్లతో పాటు నల్లవాళ్లం, మేమూ అందరం మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు, విదేశాల నుంచి చవక చొక్కాలు దిగాయి. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేయడం మొదలైంది, ముందు తల నెరిసినవాళ్లని. ఇంట్లోకి వచ్చే జీతం అవ్వదొక్కటే. పాపిట్లో తెల్లగీత కనపడగానే రంగు వేసెయ్యసాగింది.

ఒకసారి రంగు వేసిన మర్నాడు నుదురంతా పొక్కులు లేచాయి. చెవులు భజియాల్లా ఉబ్బాయి. పక్కింటి డేజీ అత్త చూడగానే చేతులు జోడించింది.

"అమ్మోరు వచ్చింది!"

గుమ్మానికి సిరింగా కొమ్మలు కట్టారు. మాకిక్కడ అదే వేప. ఒళ్లంతా పసుపునీళ్లు చల్లారు.

"క్లినిక్‌కి పోదాం అవ్వా" అన్నాను.

"అమ్మోరున్న ఒంటికి సూది పొడిపిస్తావా? కళ్లు పోతాయిరా!"

కొన్నాళ్లకు తగ్గింది. గుడిలో అమ్మోరికి అంబలి పోసి, చల్లగా చూసినందుకు దండం పెట్టుకుంది. ఇంటికొచ్చి ఆ సాయంత్రమే మళ్లీ పొడి కలిపింది. సోమవారం పనికి పోవాలి కదా.

ఈసారి తెల్లారేసరికి కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి తీస్తే ఈల వేసినట్టుంది. ఎదురింటి మెర్విన్ మామ తన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ తల చూసి, "జుట్టుకేం పెట్టారు?" అని అడిగింది. చెప్పాను.

"ఆ రంగులోని రసాయనం ఈమెకు పడదు. వేసిన కొద్దీ ఇంకా ముదురుతుంది. ఇక ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు."

అవ్వ నా చెయ్యి తడుముకుని అడిగింది: "అయితే అమ్మోరు రాలేదా?"



వాపు దిగాక తలకు గుడ్డ కట్టుకుని పనికి వెళ్లింది. గుడ్డ అంచున తెలుపు దాగలేదు. నెల తిరక్కుండానే సూపర్‌వైజర్ ఎడ్నా మెత్తగా చెప్పిందట, "ఆంటీ, ఇంక ఇంట్లో రెస్ట్ తీసుకోండి" అని.

మర్నాడు అవ్వ చీకటితోనే లేచింది. రోటీ కాల్చి డబ్బాలో పెట్టుకుంది. చెప్పులు తొడుక్కున్నాక, ఎక్కడికీ పోనక్కర్లేదని గుర్తొచ్చి మంచం మీద కూర్చుండిపోయింది.

"ఆ డబ్బా ఇటియ్యి, ముసలిదానా, పని వెతకడానికి నేను పోతా" అన్నాను.

తిట్టలేదు. ఇచ్చేసింది.