షాహీనక్కకు అమ్మ నేర్పిన పని

రెండేళ్ల క్రితం, వానాకాలం మొదట్లో, శంషాబాద్ విమానాశ్రయంలో వీల్‌చైర్ సహాయకురాలిగా చేరాను. అంతకుముందు ఆ పని మా అమ్మ మరియమ్మ చేసేది. గుండెపోటుతో ఆమె పోయాక కాంట్రాక్టు కంపెనీ వాళ్లు నన్ను తీసుకున్నారు. జీతం కోసమే చేరుతున్నానని చర్చిలో అందరికీ చెప్పాను. అమ్మ రోజంతా గడిపిన చోట ఆమె కొంచెమైనా దొరుకుతుందన్న ఆశ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

దొరికింది, కానీ షాహీనక్క దగ్గర. జల్‌పల్లి నుంచి వచ్చే షాహీనక్క మా సూపర్‌వైజర్. పని అమ్మ దగ్గరే నేర్చుకుంది. బాగా లావుపాటి ప్రయాణికుడు కూర్చుంటే అమ్మ "సారూ, మీకు ఎక్స్‌ట్రా లగేజీ చార్జి పడ్తది" అనేదట. అక్క అది చెప్పినప్పుడల్లా అందరూ పడీ పడీ నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. తుక్కుగూడలో మా ఇంటికి చేరాక అమ్మ తన కాళ్లకు నూనె రాసుకుని, మాటా పలుకూ లేకుండా పడుకునేది. మాటలన్నీ ఈమెకే ఇచ్చి వచ్చేదా అని నా కడుపు మండేది.

ఒకరోజు షాద్‌నగర్ ముసలామె ఒకరిని విమానం ఎక్కించాలి. టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా వెళ్లే ఏరోబ్రిడ్జ్ వాలుగా ఉంటుంది. అక్కడ కుర్చీని వెనక్కి తిప్పి దింపాలి, లేకపోతే కూర్చున్నవాళ్లు ముందుకు జారతారు. పద్ధతి ప్రకారమే తిప్పాను. ఆమె చక్రాలు గట్టిగా పట్టుకుంది.

"ఏందే పిల్లా, గిట్ల ఎనకకు గుంజుకపోతున్నవ్? నేనేమన్న బియ్యం మూటనా? నేను రాను పో!"

తలుపు మూసే వేళవుతోంది. షాహీనక్క పరుగున వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అవ్వా, జర నా మొఖం చూడు. పిల్ల ఎనక పట్టుకుంటది, నేను నీ ముందట్నే ఉంట. భయమైతే నన్ను తిట్టు."

అవ్వ తిడుతూనే దిగింది.

తర్వాత అక్క నాతో అంది: "తిప్పేముందే ఎదురుంగ కూసోని చెప్పాలె. మీ అమ్మ నేర్పిందే గదా, నీకు చెప్పలేదా?"

"నాకేం చెప్పలేదు. అంతా నీకే చెప్పింది."

అంత గట్టిగా నేను అప్పటివరకూ ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క అంది: "అయితే రేపటిసంది నా షిఫ్టుల ఉండు. నాకు తెల్సినకాడికి చెప్త."

ఆ ఉద్యోగం మానేసేదాకా ఆమె షిఫ్టులోనే చేశాను. అసూయ తగ్గలేదు. ఆమె అమ్మ గురించి కొత్త మాట చెప్పిన ప్రతిసారీ ముందు మంటే కలిగేది, ఆ తర్వాతే వినబుద్ధి అయ్యేది. ఆ పనిలో నేను తెలుసుకున్నది ఇంతే: పోయిన మనిషిలో మనకు తెలియని భాగం ఇంకొకరి దగ్గర ఉంటే, మంట చల్లారేదాకా ఆగకుండా వెళ్లి అడగాలి.