కేదారం పాతదారి, మా బావ

మా బావ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. ఆ కోపానికి మూడేండ్లు. పాడె మోసినప్పుడు కూడా అది దిగలేదు. కేదారానికి నడిచిపోయేవాళ్ల పట్టీలోంచి ఆయన నా పేరు కొట్టేశాడు. నేను నడవలేనని కాదు. నీళ్లు తాగలేదని.

మా బావంటే మా అక్క భర్త. బెళుగుప్ప పక్కన మా ఊళ్లోనే కాపురం. హైస్కూల్లో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాడు. మొన్న ముంగారు వానకు అందరూ వేరుశెనగ విత్తనం వేస్తున్న రోజుల్లో, పొద్దున పళ్లు తోముకుంటూ అరుగు మీద కూర్చున్నవాడు అట్లే పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన గుర్తుగా ఈ పుస్తకం వేస్తూ నన్నూ రాయమన్నారు. నేను గొర్రెలు కాసినవాణ్ని. మూడో తరగతితో బడి మానేశాను. మరిచిపోయిన అక్షరాలు మళ్లీ నేర్పింది మా బావే. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను పలక ముందర కూర్చోబెట్టేవాడు. తప్పు రాస్తే తిట్టేవాడు కాదు. చెరిపి, పలక మళ్లీ నా ఒళ్లో పెట్టేవాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. ఆ మేలు మరవను. కోపం వేరే సంగతి.

ఇరవై ఏళ్ల కిందట ఆయన ఒక్కడే కేదారం పోయివచ్చి, ఊరంతా ప్రసాదం పంచాడు. అప్పటినుంచి ఒకటే మాట. ఈసారి జనం పోయే దారిలో కాదు, పాతదారిలో పోవాలి అని. గుర్రాల బాడుగలు, హెలికాప్టర్లు లేని కాలంలో యాత్రికులు గంగోత్రిలో నీళ్లు పట్టుకుని, బూఢా కేదారం మీదుగా నడిచి, పన్వాలి అనే పచ్చిక కొండలెక్కి, త్రియుగీ నారాయణంలో దిగి, కేదారంలో ఆ నీళ్లు స్వామికి పోసేవాళ్లట. ఇప్పుడా దారిలో గొర్రెలు తోలేవాళ్లు తప్ప ఎప్పుడో ఒకరిద్దరే కనపడతారట. గొర్రెలు అన్న మాట వినగానే నేనూ వస్తానన్నాను. ఊళ్లో దర్జీ, రిటైరైన కండక్టరు, టీ అంగడి ఆయన, భజన మందిరం పూజారి, ఈ నలుగురూ వస్తామన్నారు. అందరం అరవై దాటినవాళ్లమే.

ఆయన ప్లాను వేసే తీరు చూడాలి. కళ్లంలో సున్నంతో దారంతా గీసేవాడు. ఎక్కాల్సిన చోట ఎర్రమన్ను కుప్ప, నీళ్లు దొరికే చోట చెంబు, పడుకునే చోట ఇటుక. మమ్మల్ని ఆ గీత మీదే నడిపించేవాడు.

"ఈడ నుంచి ఆ కుప్ప దాకా ఎక్కుతాం. ఆడ పడుకోం. మళ్లీ ఈ ఇటుక కాడికి దిగొచ్చి పడుకుంటాం."

దర్జీకి అది ఎక్కలేదు. "ఎక్కిందాన్ని మళ్లీ దిగేదేంది సార్? ఈ వయసులో మాతో డ్రిల్లు చేపిస్తాండావా?"

"కొత్త చొక్కా ఒకసారి తొడిగి చూసి, విప్పి, సరిచేసి మళ్లీ తొడగవా నువ్వు? ఆ ఎత్తును కూడా ఒళ్లు అట్లే తొడిగి చూడాలప్పా."

అందరికన్నా నిదానంగా నడిచేవాడే ముందర నడవాలనేవాడు. గట్టివాడు ముందర పోతే ఆ గుంపు చెదిరిపోతుందట. అందరినీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి గుండె, ఊపిరి చూపించాడు. సంచిలో ఏమేం పెట్టాలో ఒక్కొక్కరి చేతా అప్పజెప్పించుకునేవాడు. వేరుశెనగల పొడి ఎవరు మోయాలన్న దాని మీద పూజారికీ కండక్టరుకూ ఒక పూటంతా రగడ జరిగింది.

ఆ తరువాత ఒక ఆదివారం పరీక్ష పెట్టాడు. తలా ఒక సీసా ఇచ్చి, పెన్నహోబిలం గుడి దాకా నడిపించాడు. మంచి ఎండ. మిగతావాళ్లు కుంటుకుంటూ వచ్చేసరికి నేను చేరి కూర్చుని ఉన్నాను. మా వైపు గొర్రెలు కాసేవాడు దారిలో నీళ్లు తాగడు. ఉన్న నీళ్లు గొర్రెపిల్లలకో, ఈనిన గొర్రెకో కావాలి. పొద్దున తాగితే మళ్లీ మంద దొడ్డికి చేరినాకే. చిన్నప్పటి నుంచి అది నా గొప్ప. సీసా పైకెత్తి చూపించాను.

"చూడు బావా, మూత కూడా తీయలే."

ఆయన జేబులోంచి కాగితం తీసి, పెన్సిలుతో నా పేరు కొట్టేశాడు. నలుగురి ముందర.

"ఏమప్పా, నీళ్లు తాగలేదని మనిషిని తీసేస్తారా యాడన్నా?"

"నీకు నడక వచ్చు బామ్మర్దీ. దప్పిక తెలీదు నీకు. ఆ ఎత్తులో గాలి పలచన. చలికి దప్పికే అనిపీదు, ఒళ్లు మాత్రం లోపల ఎండిపోతాది. తల తిరిగి పడితే నిన్ను మోసేది ఈ నలుగురు ముసలోళ్లే."

"నన్ను మోసే మొగోడు ఈ ఊర్లో పుట్టలే."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను ఆ సీసా అక్కడే పెట్టేసి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ప్రయాణం మాత్రం సాగలేదు. ఒక ఏడు అక్కడ వానలకు కొండ విరిగిపడి దారి మూశారు. ఒక ఏడు కండక్టరుకు ఆపరేషను. ఇంకో ఏడు మా అక్కకు కళ్లు. అయినా ఆయన ప్రతి ఆదివారం పొద్దున వాళ్లను నడిపించేవాడు. మా ఇంటి ముందర నిలబడి, "బామ్మర్దీ, చెంబెడు నీళ్లియ్యి" అని కేకేసేవాడు. ఇచ్చేవాణ్ని. సగం తాగి, సగం నా వైపు చాచేవాడు.

"నువ్వూ తాగు."

"నాకొద్దు."

అంతే. చెంబు గోడ మీద పెట్టి పోయేవాడు. మూడేండ్ల ఆదివారాలు అట్లే గడిచాయి. నన్ను ఎగతాళి చేయడానికే అట్లా చేస్తున్నాడని అనుకున్నాను. పోయేదానికి ముందు ఆదివారం కూడా వచ్చాడు. చెంబు చాచాడు. ఆరోజు కొంచెం ఎక్కువసేపే చాచి ఉంచాడు. నేను మొహం తిప్పుకున్నాను.

పదకొండో రోజు అందరూ వెళ్లిపోయాక మా అక్క దగ్గర కూర్చుని ఈ కోపమంతా కక్కేశాను.

"ఒరే, నీ పేరు మళ్లీ ఎక్కించేదానికే వస్తాండె ఆయన. ఈ వారం తాగుతాడేమో చూడాల అని పెన్సిలు జేబులో పెట్టుకొని పోతాండె."

"నోరు తెరిచి చెప్పొచ్చు కదక్కా?"

"చెప్తే నువ్వు వింటావా? ఇంకో మాట విను. ఆయన కేదారం చూడనే లేదు రా."

"మరి ఊరంతా పంచిన ప్రసాదం?" అన్నాను.

"ఆ పొద్దు నీ మాదిరే ఎక్కినాడంట, నీళ్లు ముట్టకుండా. మేము అనంతపురమోళ్లము, మాకు దప్పిక లెక్కా అని. సగం దారిలో కళ్లు తిరిగి పడిపోతే ఎవరో గుర్రమాయన ఉప్పునీళ్లు తాపించి కిందికి దింపినాడంట. ప్రసాదం హరిద్వారంలో కొన్నాడు. ఊరోళ్లకు చెప్పుకునేదానికి సిగ్గు. నాకొక్కదానికే తెలుసు."

ఇది రాయొచ్చా అని అక్కను అడిగాను. "రాయి. ఆయనకు సిగ్గుపడేదానికి ఇంకేముండాది" అంది. అందుకే రాశాను. నన్ను కొట్టేసిన మనిషికి నా సంగతి నాకంటే ముందే తెలుసు. ఆయన అదే తప్పు చేసి, బతికి వచ్చి, ఇరవై ఏళ్లు దాని చుట్టూ ప్లాను వేసుకున్నాడు. తాను చూడని గుడికి పోయే దారిలో మా అందరికీ ఏ పూటకు ఎక్కడ నీళ్లు తాగించాలో కూడా చెప్పగలిగేవాడు. నా కోపం ఎప్పుడు దిగిందని అడిగితే, అప్పుడే, మా అక్క ముందర.

ఇక మీ నలుగురికీ చెప్పాల్సింది ఉంది. పదకొండో రోజు విస్తరాకుల దగ్గర మీ మాటలు నేను విన్నాను. "పెద్దాయన లేడు, ఇంక ఆ పాతదారెందుకు, హెలికాప్టర్లో పోయొస్తాం" అని దర్జీ అంటే మిగతా ముగ్గురూ తలలూపారు. ఎదురుపడి అడిగితే పక్కకు చూస్తున్నారు. అందుకే అచ్చులో అడుగుతున్నాను. హెలికాప్టర్లో పోయేదానికి మా బావ అక్కర్లేదు, ఆ ఇరవై ఏళ్లూ అక్కర్లేదు. ఆయన గీసిన దారి నాకు గుర్తుంది. ఏ ఇటుక దగ్గర పడుకోవాలో, ఏ కుప్ప దగ్గర వెనక్కి దిగాలో మీకంటే బాగా గుర్తుంది. నన్ను చేర్చుకోండి. మీలో ఎవరు నిదానమైతే వాళ్ల వెనకే నడుస్తాను. తాగమన్నప్పుడల్లా తాగుతాను. ఇంతకన్నా కిందికి దిగి అడగడం నాకు రాదు.

ఈ పుస్తకం మాసికం నాడు మీ చేతికి వస్తుంది. ఆ తరువాతి శనివారం పొద్దున నుంచి నేను బస్టాండు ఎదురుగా ఉన్న గ్రానైటు బండ మీద కూర్చుని ఉంటాను. వినాయకుణ్ని నిమజ్జనం చేసినాక బయలుదేరాలంటే ఆ మరునాడు ఆదివారమే రైలు టిక్కెట్లకు పేర్లు ఇవ్వాలి. కాబట్టి ఆ శనివారం పొద్దు గుట్ట మీది గాలిమరల వెనక్కి దిగేలోపు నలుగురూ వచ్చి, అవునో కాదో, నా మొహం చూసి చెప్పండి.