ఊగే అక్షరాలు

స్వరాజ్యం వచ్చిన కొత్తలో రాజోలు రేవులో పడవలకు పేర్లు రాసేవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆయనా. నేను పడవను ఒడ్డుకు లాగించి, దారం పట్టి, గీత తప్పకుండా రాసేవాణ్ణి. ఆయన మొలలోతు నీళ్ళలో నిలబడి, ఊగుతున్న పడవ మీదే కుంచె ఆనించేవారు. తలకట్లు కెరటాల్లా లేచేవి, కొమ్ములు చేపతోకల్లా తిరిగేవి. జనం నా అక్షరాలు చదువుకుని వెళ్ళిపోయేవారు. ఆయనవి చూస్తూ నిలబడిపోయేవారు. నాకు కడుపు మండిపోయేది.

"ఎలా రాస్తారండీ అలాగ?" అని ఒకసారి అడిగేశాను.

"నేనేం రాస్తానండీ? పడవ ఎటు ఊగితే అటు పోనిస్తానండీ," అన్నారు, కుంచె చెవి మీద దోపుకుంటూ.

ఆయన ఊళ్ళో లేని వారం చూసి నేనూ నీళ్ళలోకి దిగాను. పూటంతా అలాగే రాశాను. పడవ యజమాని వచ్చి పేరుకేసి చాలాసేపు చూశాడు.

"ఆయ్, బాగానే ఉందండీ," అన్నాడు. "ఆయనగారు ఎప్పుడొస్తారండీ?"