జ్ఞానయ్య కాక చేతుల లెక్క

జ్ఞానయ్య కాక స్విచ్ వేయాలంటే చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరూ రెండు చేతులూ పైకి లేపాలి. ఆయన వేలు చూపిస్తూ లెక్కపెడతాడు. నలుగురుంటే ఎనిమిది. ఎనిమిదీ కనబడ్డాకే వేలు స్విచ్ మీదికి పోతుంది. మిక్సీ అయినా, నీళ్ళ మోటారైనా, గోడ మీది జీరో బల్బైనా సరే.

బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్ళు, బొగ్గు మోసే బెల్టుకు ఫిట్టరుగా చేశాడు. బెల్టు ఆగితే దాని కింద దూరి బాగుచేయాలి, మళ్ళీ నడిపించాలి. నడిపించే ముందు చేతుల లెక్క. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు కంపెనీకి అప్పగించాడు గానీ, ఆ లెక్కను మాత్రం గోదావరిఖనిలోని సొంతింటికి తెచ్చుకున్నాడు.

"రెండు చేతులు లేపితే మిక్సీ మూత ఎవడు పట్టుకోవాలయ్యా?" అని లిడియా చిన్నమ్మ అడిగేది.

"మూతకు క్లిప్పున్నది గద!"

"క్లిప్పు ఇరిగి మూడేండ్లాయె!"

"రూల్ రూలే. లేపు."

చిన్నమ్మ లేపేది. పచ్చడి కూడా లేచేది. వాళ్ళింటి వంటగది కప్పు చూస్తే ఏ కాలంలో ఏ పచ్చడి చేశారో చెప్పవచ్చు.

ఒక ఆదివారం చర్చిలో కరెంటు పోయింది. కాక జనరేటరు దగ్గర నిలబడి, "అందరు చేతులు లేపుండ్రి!" అని కేకేశాడు. నూట ఇరవై మందీ లేపారు. బయటి ఊరినుంచి వచ్చిన పాస్టరుగారికి ఈ సంగతి తెలియదు. తన వాక్యమే ఇంత పని చేసిందనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకో గంట చెప్పాడు. కాక మాత్రం "రెండు వందల ముప్పై తొమ్మిది... ఒకటి తక్కువున్నది" అంటూ వెనక బెంచీల్లో వెతుకుతున్నాడు. ఆ తగ్గింది నాదే. జేబులో పెట్టుకుని కూర్చున్నాను.

నా పేరు రిచర్డ్. ఏ ఐటీఐ గడపా తొక్కకుండా, జనం రేడియోలూ సెల్‌ఫోన్లూ చెడగొట్టి చెడగొట్టి రిపేరు నేర్చుకున్నవాణ్ణి. కాక వెంట తిరిగేది కూడా నేర్చుకోడానికే అని ఇంట్లో చెప్పాను. అసలు కారణం, ఆయన్ని ఆటపట్టిస్తే వచ్చినంత మజా ఇంకెక్కడా రాదు. ఒకసారి బట్టల దుకాణం బొమ్మ చెయ్యి ఒకటి తెచ్చి నా రెండు చేతుల మధ్య లేపాను. కాక లెక్క పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"తొమ్మిదున్నయేందిరా? గా తొమ్మిదోది ఎవనిది?"

"ఎవనిదైతేంది కాకా, పైననే ఉన్నది గద!"

"పైనున్న చెయ్యితో ఫికర్ లేదు. దాని జోడేది? అది ఏ మిషన్ల ఉన్నదో ఎవనికెరుక!"

ఆ బొమ్మ రెండో చెయ్యి దొరికేదాకా ఆ పూట బోరు వేయలేదు. వాడంతా నీళ్ళు లేక నన్ను తిట్టింది.

2006 వానాకాలం. మా వాడలో చాంద్ పాషా అని ఉండేవాడు, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. వాళ్ళ నాయన పోతూపోతూ ఇద్దరు కొడుకుల పేరు మీద ఒక పాత ఫియట్ కారు వదిలిపోయాడు. నలభయ్యో దినం నాడే ఇంటి వాటా దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటలు పెరిగి, ఆ తర్వాత మొత్తానికే ఆగిపోయాయి. రెండేళ్ళు.

చాంద్ షిఫ్టు దిగి వచ్చి, ఏడాదిపాటు ఆ కారును బతికించాడు. ఇంజను, బ్రేకులు, లైట్లు, రంగు అన్నీ అయ్యాయి. వైపర్లు ఒక్కటే మిగిలాయి. గురువారం బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. వానాకాలంలో వైపరు లేని కారును ఆయన పాస్ చేయడు. ఇంతలో చౌరస్తాలో సీటు కవర్ల దుకాణం నడిపే అన్న బిలాల్ నాతో కబురు పంపాడు.

"వానికి చెప్పు. బేస్తారం పాస్ గాకుంటే శుక్రారం పాతినుము సదయ్య వస్తడు. తూకానికి ఇచ్చేస్త. సగం నాదే అని యాదిచెయ్యి."

చాంద్ సోమవారం పొద్దున్నే కాక దగ్గరికి వచ్చాడు. "మా అబ్బా బండి కాకా. తూకంల ఏస్తుంటే నేను సూడలేను."

"పోదు తియ్," అన్నాడు కాక, పానాల సంచి భుజాన వేసుకుంటూ.

ఆ రోజే వైపరు పుల్లలు పీకాడు. డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి మోటారు, దాన్నుంచి రెండు వైపులా పోయే కడ్డీలు, పుల్లల్ని తిప్పే రెండు ఇరుసులు అన్నీ విప్పి, చిన్నమ్మ చాప మీద వరసగా పరిచాడు. అరిగిపోయిన బుష్షులకు బదులు నైలాన్ ముక్కల్ని ఆకురాయితో రాకి కొత్తవి చేశాడు. మోటారు నా చేతిలో పెట్టాడు. లోపల కరెంటందించే బొగ్గుముక్కలు అరిగిపోయాయి.

"బొగ్గుబాయిల ఊర్లె ఉండి బొగ్గు దొరుకలేదనకు. జల్ది తే!" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నానికల్లా అన్నీ మళ్ళీ బిగించేశాం. ఇక స్విచ్ వేయడమే. నేనూ చాందూ చిన్నమ్మా చేతులు లేపాం. కాక కదల్లేదు.

"బండి ఎవని పేరు మీదున్నది?"

"మా ఇద్దరి పేరు మీద," అన్నాడు చాంద్, నేల చూస్తూ.

"అయితే ఇంకో రెండు చేతులు తక్కువున్నయి. బిలాల్ ఏడి?"

"గాయనెందుకు కాకా?"

"మిషన్ ఎవనిదో వాడు లేకుండ నేను స్విచ్ ఎయ్య. రిచర్డ్, ఉరుకు."

బిలాల్ చేతిలో సూదితోనే వచ్చాడు. తమ్ముడికి దూరంగా కారు రెండో చివర నిలబడి, మొహం అటు తిప్పుకుని చేతులు లేపాడు. కాక ఎనిమిది లెక్కపెట్టి స్విచ్ వేశాడు. రెండు వైపర్లూ అద్దం నడిమిట్లో పొట్టేళ్ళలా ఢీకొని, కొమ్ములు చిక్కుకుని ఆగిపోయాయి.

"పన్ను తప్పింది," అన్నాడు కాక. ఇరుసుకు చుట్టూ సన్నని పళ్ళుంటాయి. పుల్లను ఏ పంటి మీద కూర్చోబెడితే అక్కడినుంచి ఊగుతుంది.

రెండోసారి బిలాల్‌ను పిలిచాను. ఒక వైపరు అద్దం దాటొచ్చి చాంద్ పొట్ట మీద తుడిచింది. మూడోసారి రెండూ బానెట్ మీద పడుకుని కొత్త రంగును గీకాయి. నాలుగోసారి నేను దుకాణం ముందుకు పోగానే బిలాల్ తనే షట్టరు దించి నా వెంట నడిచాడు. బుధవారం పొద్దున్న ఐదోసారికి స్టూలు తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు.

"ముప్పై రెండేండ్లు గిట్లనే చేసినవా కాకా?" అన్నాను నేను. "బొగ్గు ఎట్ల బయటికొచ్చిందో ఏమో!"

"నోరు గాదు, చేతులు లేపు."

సాయంత్రం ఏడోసారి. రేపే గురువారం. చాంద్ మొహం మసి పట్టిన లాంతరులా ఉంది. ఈసారి కాక, "నా కండ్లు ఆనుతలేవు, నువ్వే పెట్టు" అని పుల్ల అతనికిచ్చాడు. చాంద్ దాన్ని ఇరుసు మీద పెట్టబోయాడు. బిలాల్ చూసి చూసి ఇక ఆగలేక స్టూలు మీదినుంచి లేచాడు.

"అరే చాంద్, గట్ల గాదురా! ఒక పన్ను ఎనకకు జరుపు!"

చాంద్ తల ఎత్తకుండానే అడిగాడు, "ఏ పన్ను అన్నా?"

"ఇటు జరుగు, నేను పట్టుకుంట." బిలాల్ పక్కన వచ్చి కూర్చున్నాడు. "అబ్బా ఎట్ల పెడుతుండెనో యాదికి లేదా నీకు?"

"నువ్వే పెడుతుంటివి గద. నన్ను ముట్టనిస్తుంటివా?"

కాక గ్రీజు డబ్బాలో ఏదో పోగొట్టుకున్నవాడిలా అందులోకే చూస్తున్నాడు. స్విచ్ వేశాక వైపర్లు నెమ్మదిగా లేచి, అద్దమంతా తుడిచి, తిరిగొచ్చి పక్కపక్కన పడుకున్నాయి.

గురువారం పొద్దున ఆఖరి నట్టు బిగించమని నన్ను పంపాడు. బిగిస్తుంటే పుల్ల మొదట్లో చిన్న చుక్క మెరిసింది. పంచుతో కొట్టిన చుక్క. దానికి సరిగ్గా ఎదురుగా ఇరుసు మీద ఇంకోటి. రెండో వైపరుకూ అంతే.

"కాకా, ఇవెప్పుడు కొట్టినవ్?"

"సోమారం. ఇప్పకముందే కొట్టిన. గురుతు పెట్టకుండ ఎవడన్న ఇప్పుతడారా?"

"అంటే మంగళారం మొదటిసారికే సక్కగ కూసుండేది గద!"

"కూసుండేది," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "గప్పుడు బిలాల్ ఒక్కసారొచ్చి పోతుండె."

"రూల్ అంటివి? మిషన్ ఓనర్ ఉండాలె అంటివి?"

"కంపెనీ మిషన్ మీద చెయ్యేస్తే ఏ ఓనర్ ఒచ్చిండురా ఎన్నడన్న?"

ఇన్నేళ్ళు నేను ఆయన్ని ఆడించాననుకున్నాను.

సాయంత్రం కారు పాసై వచ్చింది. వాన పడుతోంది, వైపర్లు ఊగుతున్నాయి. లోపల అన్నదమ్ములు అరుచుకుంటున్నారు. సీట్లకు ఆకుపచ్చ రేగ్జిన్ వేస్తానని బిలాల్, నీలమే వేయాలని చాంద్.

"మొన్నటిదాక మూగోళ్ళు, ఇయ్యాల ఇదేం లొల్లి!" అంది చిన్నమ్మ.

కాక గొడుగు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు. "రేపు పొద్దుగాల సదయ్య వస్తడు. ఏమని చెప్తరు?"

"బండి ఇయ్యం, పొమ్మను!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

ఆ తర్వాత, ఆ మాట సదయ్యకు నువ్వు చెప్పాలంటే నువ్వు చెప్పాలని మళ్ళీ మొదలుపెట్టారు.