కాంతమ్మత్త గ్రామరు నోటు

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో మా అంగడి వెనక వసారాలో కాంతమ్మత్త కందులు విసురుతుంటే, నేను ఎదురుగా ఇంగ్లీషు గ్రామరు పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఆమె తిరగలి తిప్పుతూ "గో, వెంట్, గాన్" అని అప్పజెప్పేది. నేను వేలు పెట్టి చూసుకుంటూ తప్పుంటే చెప్పాలి. తప్పులు ఎప్పుడో గానీ దొరికేవి కావు... దొరికిన రోజు నాకు పండగే.

అత్తంటే మా నాయన చెల్లెలు. నాకు తొమ్మిదేళ్ళు, ఆమెకు పదహారు. మా అమ్మకు చంటిపిల్లలతోనే సరిపోయేది కాబట్టి నాకు జడ వేసేది, అన్నం పెట్టేది, పక్కలో పడుకోబెట్టుకునేది అన్నీ అత్తే.

ఆమె మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఆ పైన చదవాలంటే ఆత్మకూరు హైస్కూలుకు పోవాలి. అంత దూరం ఎందుకని మా తాత మాన్పించాడు. ఆ రోజుల్లో దీన్ని ఎవరూ అన్యాయం అనుకోలేదు... అత్త తప్ప.

ఆత్మకూరులో ఇంగ్లీషు చెప్పే అయ్యవారు ఒకాయన నెలకోసారి మా వీధిలోని తన అత్తగారింటికి వచ్చేవాడు. అత్త రాసుకున్న నాలుగు వాక్యాలు చూసి, ఆయనే ఆ గ్రామరు పుస్తకం తెచ్చి ఇచ్చాడు.

"ఇందులో అభ్యాసాలన్నీ చేసి నోటు నాకియ్యమ్మా. హెడ్మాస్టరుకు చూపించి ఐదో ఫారంలో కూర్చోబెడతాను. బాగా చదివితే నెల్లూరులో కాలేజీకి కూడా పోవచ్చు" అన్నాడు.

తాత అడ్డు చెప్పలేదు. "చేయనీండి అయ్యవారూ, చూస్తాం" అన్నాడు. ఆడపిల్ల నాలుగు రోజులు రాసి పక్కన పడేస్తుందని ఆయన ధీమా.

అత్త పడేయలేదు. ఏడాది పాటు రాసింది. ఇంకు బిళ్ళ నీళ్ళలో కరగదీసుకుని, పాళీ కలంతో, కొట్టివేత ఒక్కటి లేకుండా... ముందు పలకమీద రాసి, సరిచూసుకుని, తర్వాత నోట్లోకి ఎక్కించేది. చివరి అభ్యాసం అయిన రోజు నోటును పాత రవికగుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. అయ్యవారు ఆదివారం వస్తాడు. అత్త ఆత్మకూరులో మా పెద్దవ్వ ఇంట్లో ఉండి చదువుకోవాలని ఇంట్లో కూడా అనుకున్నారు.

అప్పుడు తెలిసింది నాకు... అత్త వెళ్ళిపోతుందని. నన్ను వదిలేసి.

శనివారం సంత. నెల్లూరు నుంచి బస్సులో రావలసిన పొట్లాల కాగితం రాలేదు. వాగు పొంగి బస్సు ఆగిపోయింది. అంగడినిండా సీతారామపురం పల్లెల నుంచి వచ్చిన జనం. తాత నన్ను పిలిచి, "రాసేసిన నోట్లు ఏమన్నా ఉంటే తీసకరా మే" అన్నాడు.

నా లెక్కల నోట్లు రెండు ఇచ్చాను. చిటికెలో అయిపోయినాయి.

"ఇంకేమన్నా ఉండాదా?"

"ఉండాది" అన్నాను.

అత్త తలంటు పోసుకుంటోంది. గూట్లోంచి నోటు తీసి, గుడ్డ విప్పి, తాత చేతిలో పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మీ అత్తది గదా. దీంతో పని తీరిపోయిందంటనా?"

"తీరిపోయిందంట తాతా" అన్నాను.

అత్త తడిజుట్టుతో అంగడిలోకి వచ్చేసరికి ధనియాలు, మిరియాలు, జీలకర్ర అన్నీ ఆమె అక్షరాల్లో కట్టి ఉన్నాయి. ఆమె అరవలేదు, ఏడవలేదు. గడప దగ్గర ఉన్న ఒకామె ముందు నిలబడి, "అక్కా, ఆ ధనియాలు కొంగులో పోసుకుని కాగితం నాకిస్తావా" అని అడిగింది. అట్లా నాలుగు కాగితాలు దొరికినాయి. మిగతావన్నీ అప్పటికే బండ్లెక్కి పోయినాయి.

తాత నన్ను కొట్టబోతే అత్తే అడ్డం వచ్చింది. "తొమ్మిదేండ్ల బిడ్డ నాయనా. దానికేం తెలుసు?"

ఆదివారం అయ్యవారు వచ్చాడు. ఆ నాలుగు కాగితాలు ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు. "నాకు నమ్మకముందమ్మా. హెడ్మాస్టరుకు ఏం చూపించేది?" అన్నాడు. అత్త మళ్ళీ రాస్తానంది. తాత మాత్రం "ఇంక చాల్లే అయ్యవారూ, సంబంధాలు చూస్తా ఉండాం" అని ఆ మాట అక్కడితో తుంచేశాడు.

నాలుగు నెలల్లో పెళ్ళి చేసి, ఆత్మకూరుకన్నా రెండింతలు దూరం ఉన్న ఊరికి పంపించారు. ఆమెను పోనివ్వకూడదనే గదా నేను ఆ పని చేసింది... అత్త వెళ్ళిన రోజు రాత్రి పక్కలో ఎవరూ లేక ఏడ్చాను. ఏడిచే హక్కు కూడా నాకు లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత కాలం మారింది, నన్ను చదివించారు. నెల్లూరు కాలేజీలో బి.ఏ. దాకా చదివాను. మార్కులొచ్చినప్పుడల్లా అత్త, "దానికి గ్రామరు నేర్పింది నేనే" అని అందరికీ చెప్పుకుని సంబరపడేది. నేను తల వంచుకుని నిలబడేదాన్ని. అణకువ అనుకునేవాళ్ళు.

ఇప్పుడు మా మనవరాలు పై చదువుల కోసం ఇంగ్లీషు కోచింగుకు పోతోంది. ఆ పిల్ల రాసుకుంటుంటే ఇంట్లో అందరూ టీవీ కట్టేసి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. కాలం ఎంత మారిందో చూస్తే సంతోషమే... కానీ ఆ పిల్ల బల్ల దగ్గరికి మాత్రం నేను పోను. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు.

మీ చిన్నప్పుడు మీరు చేసిన పనికి ఇంకొకరి బతుకు దారి తప్పిందా? వాళ్ళు ఇంకా ఉంటే ఇక్కడ నాకు జవాబుగా రాయొద్దు. వాళ్ళ దగ్గరికే పోయి చెప్పండి. కాంతమ్మత్త పోయి చాలా ఏళ్ళయింది. నాకేమీ తెలియదనే నమ్ముతూ పోయింది.

నాకు తెలుసు అత్తా... అన్నీ తెలిసే ఇచ్చాను.