సర్వీసు కాగితంలో రాయని పన్నెండో వరస

తొమ్మిదేళ్ళ నాలుగు నెలలుగా నా ఎడమ చెవిలో ఒక శబ్దం ఉంది. ఏలూరులో చెవి డాక్టరుకు రెండుసార్లు చూపించుకున్నాను. చెవిలో ఏమీ లేదమ్మా, వయసు, అన్నాడు. వయసు కాదు. అది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఏ రోజో తెలుసు. పొద్దున ఎన్ని గంటలకో కూడా తెలుసు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకని మీకైతే చెప్పగలనేమోనని కూర్చున్నాను. ఇది మూడోసారి రాయడం. మొదటి రెండుసార్లూ, నా మీద నేనే జాలిపడుతూ రాశానని చదువుకున్నాక తెలిసి, చింపేశాను.

నాకు డెబ్భై నాలుగేళ్ళు. తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కల టీచరుగా పనిచేశాను. తేదీ తప్పను. కూడిక తప్పను. మా వీధిలో ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టింది, కుళాయి గొట్టం ఎప్పుడు మార్చారు అని మాటా మాటా వస్తే నా దగ్గరికే వస్తారు. నోటుబుక్కు తీసి చూపిస్తాను. "టీచరు గారు రాశారంటే అంతేనండి" అని వెళ్ళిపోతారు. ఆ మాట నాకు ఇష్టంగా ఉండేది. చాలా ఇష్టంగా ఉండేది. తప్పు అక్కడి నుంచే వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

మా వారు పోయాక ఆయన కారు మిగిలింది. పాతది, పెట్రోలుది. యాభై తొమ్మిదో ఏట నేర్చుకుని నేనే నడిపాను. గంటకు నలభై దాటేదాన్ని కాదు. భీమడోలు చేరేలోపు ధాన్యం ట్రాక్టర్లు కూడా హారన్ కొట్టి నన్ను దాటిపోయేవి. ఆరేళ్ళు అలా తిరిగాను. తర్వాత కళ్ళలో శుక్లాలు వచ్చాయి. నడపవద్దన్నారు. అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. అప్పుడే, సరిగ్గా ఆ నెలలోనే, బండి కూయడం మొదలుపెట్టింది. పొద్దున స్టార్టు చేయగానే కీచుమనేది. లైట్లు వేస్తే ఇంకా పెరిగేది.

ఏప్రిల్ రెండో మంగళవారం, తొమ్మిదింబావుకు, వీర్రాజు షెడ్డుకు తీసుకెళ్ళాను. వీర్రాజుది అత్తిలి. తణుకు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని, పధ్నాలుగేళ్ళుగా మా కారు చూస్తున్నాడు. బానెట్ ఎత్తి, ఇంజను ఆడుతుండగానే ఒక డబ్బాతో నీళ్ళు తెచ్చి బెల్టు మీద చిలకరించాడు.

"బెల్టుదైతే నీళ్ళు పడగానే ఊరుకుంటుందండి" అన్నాడు. ఊరుకోలేదు. "చూశారా అండీ, అచ్చం మా ఆవిడే. పొద్దున్నే మొదలెడుద్ది, నీళ్ళు చల్లినా ఆగదు."

నవ్వాను. నాకు గుర్తుంది, నవ్వాను.

తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ఆల్టర్నేటరు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. బండిలో కరెంటు తయారుచేసేది అదే. కొంచెంసేపు విని స్క్రూడ్రైవరు నాకిచ్చాడు. "మీరే వినండి టీచరు గారు. కొంగు జాగ్రత్తండి, బెల్టు లాగేస్తుంది." కొంగు నడుముకు బిగించి, పిడిని ఎడమ చెవికి ఆనించుకున్నాను. లోపల ఎవరో ఇసుక నములుతున్నట్టు ఉంది. గర గర గర. ఆగదు. తగ్గదు. ఇంజను ఆపి, బెల్టు విప్పి, ఆ చక్రాన్ని వేలితో తిప్పి చూపించాడు. సాఫీగా తిరగలేదు. పట్టి పట్టి ఆగింది.

మొత్తం ఆల్టర్నేటరు మార్చక్కర్లేదు, లోపలి బేరింగు ఒక్కటి మారిస్తే చాలన్నాడు. బెల్టు కూడా పగుళ్ళు వేసింది. రెండిటికీ, కూలికీ కలిపి పద్దెనిమిది వందల యాభై. సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు. అంతకంటే తక్కువలో అయ్యే పని కాదని నాకూ తెలుసు. అమ్మేసే బండి కదా, ఊరికే బెల్టు బిగించి కూత ఆపెయ్యి అన్నాను.

అతను వెంటనే పానా పట్టుకోలేదు. "బిగిస్తే కూత తగ్గుద్దండి. కానీ బేరింగు మీద బరువు పెరుగుద్ది. ఓ రోజు పట్టేస్తుంది, బెల్టు తెగిపోద్ది. నీళ్ళ పంపుని తిప్పేదీ ఆ బెల్టేనండి, ఇంజను ఉడికిపోద్ది. కొనేవాళ్ళకి చెప్పెయ్యండి, వాళ్ళే చేయించుకుంటారు."

"చెప్తాను" అన్నాను.

బిగించాడు. కూత ఆగింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "దీనికేం తీసుకుంటానండి" అన్నాడు. డబ్బు ఇవ్వలేదు కాబట్టి ఆ రోజు నా పుస్తకంలో రాయడానికి ఏమీ లేకపోయింది. ఏమీ లేకపోయిందా? నేను రాసేది ఖర్చులు మాత్రమేనా?

అంతకు ముందు ఆదివారమే, కొనేవాళ్ళకు ఇవ్వడానికని, కారుకు చేయించిన పనులన్నీ ఒక తెల్ల కాగితం మీద సాపుగా రాసి పెట్టాను. ఎర్ర సిరాతో మార్జిను, తేదీ, చేసిన పని, చేసినవాడి పేరు. పదకొండు వరసలు. కింద కార్బన్ పెట్టి నకలు కూడా తీశాను. మంగళవారం ఇంటికి వచ్చి ఆ కాగితం ముందు కూర్చున్నాను. పదకొండో వరస కింద ఖాళీ ఉంది. ఇంకొక వరస పట్టేంత ఖాళీ. కలం మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

ఎందుకు? దీన్ని ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్క లేదు, నాకు లెక్క లేని విషయం ఇదొక్కటే. డబ్బు కోసం కాదు. రాస్తే కొనేవాడు ఓ రెండు వేలు తగ్గించమనేవాడు, నేను తగ్గించేదాన్ని. పదకొండు వరసలూ అంత శుభ్రంగా ఉన్నాయి. ప్రతి పనీ జరగాల్సినప్పుడు జరిగినట్టు. చివర ఒక లోపం, అదీ తెలిసి వదిలేసిన లోపం, నా చేతి రాతతో ఉండడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం దొరికితే కొంచెం నయంగా ఉండేది.

గురువారం నాగేశ్వరరావు వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. కొల్లేటి లంక ఊరు వాళ్ళది, ఇక్కడ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసయ్యాడు. లంక నుంచి ఏలూరుకు అద్దెకు తిప్పుకుందామని కారు కావాలన్నాడు. కాగితం చూసి పకపకా నవ్వాడు. "దీనికి కూడా మార్జిన్ కొట్టారండీ! మెకానిక్కుని తీసుకెళ్ళరా అన్నాడండి మా బావమరిది. టీచరు గారి బండికి మెకానిక్కేంట్రా, ఆవిడ రాసిందానికి మళ్ళీ తనిఖీ ఏంట్రా అని తిట్టానండి."

లోపం ఏదైనా ఉందా అని అతను అడగలేదు. అడగలేదు కాబట్టి నేను అబద్ధం చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ పొద్దున కారు నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

కారు కొని తీసుకెళ్ళిన పందొమ్మిది రోజులకు వాళ్ళమ్మ మంగమ్మకు పక్షవాతం వచ్చింది. మంగమ్మ గొంతు మీరు విని ఉండాల్సింది. చెరువుకు ఈ గట్టు మీద మాట్లాడితే ఆ గట్టు మీద వాళ్ళు జవాబు చెప్పేవాళ్ళట. ఒకసారి నేను కొడుకును కొట్టానని బడికి వచ్చి, వరండాలో నిలబడి, "ఎక్కాలు రాకపోతే మానె, ఆడికి చేపలు లెక్కెట్టడం వచ్చండీ" అని అరిస్తే మూడు తరగతులు ఆగిపోయాయి. ఆ మనిషికి పదకొండు గంటలప్పుడు మూతి పక్కకు పోయింది. నాగేశ్వరరావు ఆవిడను కారులో వేసుకుని ఏలూరు బయలుదేరాడు.

నాలుగు కిలోమీటర్లు వెళ్ళారు. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో గట్టు రోడ్డు. కాలిన రబ్బరు వాసన వచ్చిందట. ఎర్ర లైటు వెలిగిందట. దిగి చూస్తే బెల్టు తెగి ఉంది. చెరువులో డబ్బా ముంచి నీళ్ళు పోశాడు. ఇంకాస్త దూరం లాక్కెళ్ళాడు. ఆవిరి కమ్మి ఇంజను ఆగిపోయింది. అంబులెన్సుకు ఫోను చేస్తే అది వేరే మనిషి కోసం భీమడోలు వైపు వెళ్ళి ఉంది. చివరకు చేపల వ్యాను ఒకటి వస్తే, ఐసు పెట్టెలు గట్టు మీదకు దించేసి, తడి చెక్కల మీద తల్లిని పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. రెండు గంటల నలభై నిమిషాలు ఆలస్యం. నాకు నిమిషాలతో సహా చెప్తే ఇష్టమని తెలుసు కాబట్టి నిమిషాలతో సహా చెప్పాడు. ఇంకొంచెం ముందు తెస్తే ఏమైనా చేయగలిగేవాళ్ళమేమో అన్నాడట డాక్టరు. మంగమ్మ బతికింది. కుడి చెయ్యి రాలేదు. మాట రాలేదు.

తర్వాత నెలలో ఒక సాయంత్రం నాగేశ్వరరావూ వీర్రాజూ కలిసి మా ఇంటికి వచ్చారు. కలిసి కాదు. ఒకరి వెనక ఒకరు. నాగేశ్వరరావు చేతిలో నేను రాసిన కాగితం ఉంది. చిరగకుండా ల్యామినేషన్ చేయించుకున్నాడు.

"బేరింగు పోయిందని మీకు చెప్పానంటున్నాడండి ఈయన. పధ్నాలుగేళ్ళ నుంచి సర్వీసు తనే చేసి, లోపం కనిపెట్టలేక ఇప్పుడు మీ మీదకి తోస్తున్నాడు. ఏవండీ, మీకు చెప్పాడా?"

వీర్రాజు గుమ్మం కిందే నిలబడ్డాడు. "టీచరు గారండీ, మీరు విన్నారు కదండీ. స్క్రూడ్రైవరు పెట్టుకుని."

నేను లోపలికి వెళ్ళాను. నోటుబుక్కు తెచ్చాను. తేవాల్సిన పని లేదు. అయినా తెచ్చి, ఏప్రిల్ రెండో మంగళవారం పేజీ తీసి, ఇద్దరికీ కనపడేలా పట్టుకున్నాను. ఆ పేజీలో పాలు, గ్యాసు బండ ఉన్నాయి. అప్పుడు అన్నాను:

"చెప్పి ఉంటే రాసి ఉండేదాన్ని కదా."

ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేనట్టు ఉంటుంది. ఎన్నోసార్లు విప్పి చూశాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు నిజం రాసి సంపాదించుకున్నదంతా ఆ ఒక్క మాటకు ఖర్చుపెట్టాను. నాగేశ్వరరావు వీర్రాజు వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. వీర్రాజు నా మొహం చూశాడు, పేజీ చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే నేను ఒప్పుకునేదాన్నేమో. కోప్పడలేదు. "టీచరు గారు రాయలేదంటే... నేనే ఇంకెవరికో చెప్పి మీకు చెప్పాననుకుంటున్నానేమోనండి" అన్నాడు. తన జ్ఞాపకాన్ని తనే అనుమానించుకున్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

బండిలో లోపం దాచాడట అని ఊళ్ళో పాకింది. షెడ్డు ముందు కార్లు తగ్గాయి. రెండేళ్ళకు రేకులు విప్పేశాడు. అందులో నా వంతు ఎంత? ఆ రోజుల్లోనే రోడ్డు మీద కొత్త షెడ్లు రెండు వచ్చాయి కూడా. ఆ నలభై నిమిషాలు, ఆ రెండు గంటలు కలిసి వస్తే మంగమ్మకు మాట దక్కేదా? డాక్టరు "ఏమో" అన్నాడు. ఆ "ఏమో"ను ఏ సంఖ్యతో గుణించాలి? ఒకోసారి సున్నాతో గుణించి పడుకుంటాను. తెల్లారేసరికి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

మంగమ్మను చూడడానికి ఒకసారి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టింది. ఎడమ చేతి వేళ్ళు ఒకటొకటిగా ముడిచి చూపించి, గొంతులో ఏదో శబ్దం చేసింది. "ఎక్కాల టీచరు వచ్చిందంటోందండి" అన్నాడు కొడుకు. కొబ్బరినీళ్ళు ఇచ్చారు. తాగాను. చెప్పడానికే వెళ్ళాను, తాగి వచ్చేశాను. ఆవిడ కిందటేడు కార్తీకంలో పోయింది.

వీర్రాజు దగ్గరికి కూడా వెళ్ళాను. పెదవేగి దగ్గర పామాయిలు తోటల ట్రాక్టర్లు బాగుచేసే చోట జీతానికి ఉన్నాడని తెలిసి, బస్సులో వెళ్ళాను. జుట్టు నెరిసింది. పరుగున వచ్చి కుర్చీ తుడిచి వేశాడు. "ఎండలో ఎందుకొచ్చారండీ, కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. టీ తెప్పించాడు. పక్కన ఒక ట్రాక్టరు ఇంజను ఆడుతోంది, అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాని వైపు చూశాను. నేను చూడడం అతను చూశాడు. మెల్లగా దాన్ని జేబులో పెట్టుకుని, "మీ కళ్ళు ఎలా ఉన్నాయండి ఇప్పుడు?" అన్నాడు. బాగున్నాయన్నాను. నాలుగింటి బస్సుకు వచ్చేశాను.

అతనికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు.

కారు ఎప్పుడో తుక్కు కింద పోయింది. కాగితం మాత్రం నాగేశ్వరరావు దగ్గరే ఉంది. "మీ చేతి రాతండి, పారేయబుద్ధి కాలేదు" అంటాడు. దాన్ని తీసుకుని దిద్దుదామని కూడా అనుకున్నాను. ల్యామినేషన్ మీద కలం పడదు. నా దగ్గర ఉన్నది కార్బన్ నకలు ఒక్కటే. నీలం రంగు వెలిసిపోయి, పదకొండు వరసలూ లీలగా కనపడుతున్నాయి. కింద ఆ ఖాళీ అలాగే ఉంది.

ఈ ఉదయం అందులో రాశాను. దీన్ని ఎవరికి ఇవ్వాలో, ఇచ్చే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. రాసింది మాత్రం ఇది: ఏప్రిల్ రెండో మంగళవారం. ఆల్టర్నేటరు బేరింగు పోయిందని, కొనేవాళ్ళకు చెప్పమని వీర్రాజు చెప్పాడు. నేను నా చెవితో విన్నాను. చెప్పలేదు.

వరస వంకరపోయి కిందికి జారింది. స్కేలు పెట్టి మళ్ళీ రాయలేదు. శబ్దం ఆగలేదు. ఇప్పుడది దేని శబ్దమో నాతో పాటు మీకూ తెలుసు.